చెరువు వైపు గోడ

(తిరుపతిలో పాత ఇళ్లు బాగుచేయించుకోవాలనుకునేవారి కోసం ఒక సాయంత్రం జరిగిన సమావేశంలో ఒక ఆర్కిటెక్టు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరరూపంలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవారికి వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నాకు ఇచ్చిన అంశం “నీటి ఒడ్డున ఉన్న ఇంటిని తిరిగి మలచుకోవడం”. వినడానికి ఎంత బాగుందో చూడండి. నీటి ఒడ్డు అనగానే మన కళ్ల ముందు ఏం కదులుతుంది? సముద్రం, కొబ్బరిచెట్లు, తెల్లటి పరదాలు గాలికి ఎగురుతున్న గది. ఔనా? మరి మనకు సముద్రం ఎక్కడుంది? 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లాకు సూళ్లూరుపేట, వాకాడు వైపు సముద్రం కూడా కలిసింది, అది వేరే సంగతి. చిత్తూరు, చంద్రగిరి, పూతలపట్టు, పుంగనూరు వైపు పుట్టిపెరిగిన మనకు నీళ్లంటే చెరువు. అంతే. చెరువు సముద్రం లాంటిది కాదు, సరస్సు లాంటిది కూడా కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఒక ఇల్లు, రెండేళ్లు, కొంత సొంత డబ్బు ఖర్చయ్యాయి. ఈ సాయంత్రం ఆ ఒక్క ఇంటి గురించే మాట్లాడతాను.

చంద్రగిరి దాటాక ఒక ఊరు. పేరు చెప్పను, ఆ ఇంటివాళ్లకు ఇబ్బంది. భార్యాభర్తలిద్దరూ ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన తల్లి ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. కొడుకు విదేశంలో ఉన్నాడు. వాళ్లు నన్ను మొదట పిలిచింది 2022 జనవరిలో. ఆ ముందు నవంబరు గుర్తుందా మీకు? ఎవరికి గుర్తుండదు? తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరుతున్నాయని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వానకు జిల్లాలో ఎన్నో ఏళ్లుగా నిండని చెరువులు కూడా నిండాయి. అంటే నేను ఆ ఇల్లు చూసింది చెరువు నిండుగా ఉన్నప్పుడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇల్లు తూర్పు ముఖం. వీధి వైపు అరుగులు, ఆ వెనక పెద్ద హాలు, దానికి అటూ ఇటూ గదులు, చివరన ఇంటి పొడవునా తొమ్మిది అడుగుల వెడల్పు గల ఒక గది. ధాన్యం, వేరుశనక్కాయల మూటలు వేసుకునేవారట అందులో. దాని పడమటి గోడ దాటితే చెరువు. అడుగున్నర మందం రాతి గోడలు, పైన మద్రాసు టెర్రస్. చిన్నవాళ్లు కొందరు కూర్చున్నారు కాబట్టి చెబుతాను. టేకు దూలాల మీద దంతెలు, అంటే సన్నటి కర్రలు, పరిచి, వాటి మీద పలచటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దట్టంగా కొడతారు. ఆపైన పలక పెంకులు. ఇంకా గట్టిగానే ఉంది. చంద్రగిరి కోటలో రాజమహల్ చూశారు కదా, అక్కడ ఈ దంతెలు కూడా ఉండవు. రాయి, ఇటుక, సున్నం తప్ప కర్ర వాడకుండా మూడు అంతస్తులు లేపారు. సున్నం మీద నమ్మకం లేనివాళ్లు ఒక ఆదివారం అక్కడికి వెళ్లి రండి.

ఇంతకీ ఆ వెనక గది పడమటి గోడ. ముప్పై అడుగుల గోడకు ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు. అంతే! అవతల అంత నీరు, ఆ నీటికి అవతల కొండ, ఇవతల ఇంత గుడ్డి గోడ. ఆ దంపతులు నాతో అన్న మొదటి మాట ఏమిటంటే, “మా పెద్దవాళ్లకు అందమంటే తెలియదండీ” అని. నేనూ తలూపాను. కొడుకు ఫోనులో ఒక బొమ్మ పంపాడు. నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం, దాని బయట రెండడుగులు పల్లంలో చెక్క వేదిక, దాని అంచు నీళ్లను తాకుతున్నట్టు. చూస్తే నాకూ నచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? నిండు చెరువు ముందు నిలబడి ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా నచ్చుతుంది.

మూల గదిలోంచి పెద్దావిడ ఒక మాట అన్నారు. “నీళ్లు చూడాలంటే చెరువు దగ్గరికే పోతాం కదా నాయనా. ఇంట్లో కూర్చుని చూడటమెందుకు?” అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

సరే, పని మొదలుపెట్టే ముందు చేయాల్సిన ఒక పని మాత్రం సరిగ్గానే చేశాను. అది మీ అందరికీ పనికొస్తుంది, కాస్త నెమ్మదిగా చెబుతాను. చెరువు పక్కన ఇల్లు ముట్టుకునే ముందు మీరు వెళ్లి చూడాల్సిన చోటు ఏది? ఇల్లు కాదు. మొరవ. అలుగు అంటారు కొన్ని ఊళ్లలో, కలుజు అంటారు, మన వైపు మొరవ అంటారు. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే రాతి కట్టడం. ఆ మొరవ గట్టు ఎత్తే చెరువు పూర్తి నీటి మట్టం. మీ ఇంటి గడప దానికన్నా ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా ఒక్క ఇటుక కూడా కదపకండి.

మేస్త్రీ, నేను లెవెల్ యంత్రం పెట్టి మొరవ నుంచి ఇంటి దాకా కొలుచుకుంటూ వచ్చాం. గడప మొరవ గట్టుకన్నా 40 అంగుళాల ఎత్తులో ఉంది. ఇంటి వెనక నేల 4 అంగుళాల ఎత్తులో ఉంది. మధ్యలో నాలుగు రాతి మెట్లు, ఒక్కొక్కటి 9 అంగుళాలు. లెక్క సరిపోయింది కదా? అయితే ఒక సంగతి మరిచిపోతాం. మొరవ పారుతున్నప్పుడు నీళ్లు ఎక్కడుంటాయి? గట్టు పైన. పారాలంటే గట్టు కంటే ఎత్తులో ఉండాలి కదా! కాబట్టి పూర్తి నీటి మట్టం అనేది చెరువుకు చివరి హద్దు కాదు. నవంబరు వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా అని పెద్దావిడను అడిగితే, చేతికర్రతో వచ్చి రెండో మెట్టు సగం దగ్గర ఆనించి చూపించారు. రాయి మీద బురద గీత ఇంకా ఉంది. అంటే మొరవ గట్టు మీద దాదాపు 18 అంగుళాలు. గడపకు మిగిలింది 22 అంగుళాలు.

ఇప్పుడు ఆ కుర్రవాడు పంపిన బొమ్మలోని చెక్క వేదిక సంగతి చూడండి. గడప కన్నా రెండడుగులు పల్లం, అంటే 24 అంగుళాలు. ఆ నవంబరులో గనక అది ఉండి ఉంటే, దాని మీద కుర్చీలు వేసుకుని 2 అంగుళాల నీళ్లలో కాఫీ తాగేవాళ్లు. ఆ ఇల్లు కట్టిన మనిషి ఏ కాలేజీలో చదివాడో, అసలు చదివాడో లేదో నాకు తెలియదు. ఆ నాలుగు మెట్లు మాత్రం ఊరికే పెట్టలేదు.

ఇది మనవాళ్లకే జరిగే పొరపాటు అనుకోకండి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఫాక్స్ నది పక్కన, మీస్ వాన్ డెర్ రో అనే మహా ఆర్కిటెక్టు 1951లో ఒక ఇల్లు పూర్తిచేశాడు. ఫార్న్స్‌వర్త్ ఇల్లు. నాలుగు వైపులా అద్దమే. ప్రపంచంలో ఆర్కిటెక్చర్ చదివే ప్రతి విద్యార్థీ దాన్ని గీస్తాడు, నేనూ గీశాను. వరద వస్తుందని తెలిసే నేల నుంచి 5 అడుగుల 3 అంగుళాలు లేపి కట్టాడు. 1954లో లోపలికి నీళ్లొచ్చాయి. 1996లో వచ్చాయి. 2008లో మళ్లీ వచ్చాయి. అంతటివాడి లెక్కే తప్పింది. మనం మొరవ దాకా నడిచి వెళ్లడానికి బద్ధకించవచ్చా?

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చట్టం సంగతి. మన రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు, 2017 నాటివి, చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, ఆపైన ఉంటే దాని హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలమంటాయి. ఈ ఇల్లు ఆ నిబంధనలు పుట్టకముందుది కాబట్టి నిలబడింది. అంత మాత్రాన చెరువు వైపు ఇంకో అడుగు జరగడానికి మనకు హక్కు రాదు. ఆ దంపతులకు మొదటి రోజే చెప్పాను, వెనక్కి ఒక్క అంగుళం కూడా పెంచను, ఏం చేసినా ఉన్న గోడల లోపలే చేస్తాను అని. మంచి మనుషులు, ఒప్పుకున్నారు.

ఇక గోడ. ఆ వెనక గోడ లోపలి వైపు మనిషి నడుము ఎత్తు దాకా చెమ్మ. రంగు పెచ్చులుగా ఊడిపోయింది, తెల్లటి ఉప్పు పూసింది, వేలితో గీస్తే పొడి రాలుతోంది. ఎప్పుడు మొదలైందమ్మా అని ఇంటావిడను అడిగాను. ఎప్పుడో పాతికేళ్ల కిందట సిమెంటు పూత పూయించారట, మోకాలి ఎత్తు చెమ్మ ఉందని. ఆ తరువాత చెమ్మ నడుము దాకా ఎక్కింది. ఆపైన ఇంకో సలహాదారు టైల్స్ అతికించమన్నాడట. అతికించి ఉంటే ఛాతీ దాకా ఎక్కేది!

ఎందుకు? నేలలోని నీటిని గోడ రాతి అతుకుల్లోంచి పైకి పీల్చుకుంటుంది, దీపం ఒత్తి నూనె పీల్చుకున్నట్టు. సున్నపు గార ఉన్నప్పుడు ఆ నీరు పీల్చుకున్న చోటే గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూసి మూత వేస్తే ఆరే దారి లేదు. దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. మూత ఎంత ఎత్తు వేస్తే అంత ఎత్తు ఎక్కుతుంది. ఎంత సులువైన విషయం! అయినా మనం గోడకు జ్వరం వచ్చిన ప్రతిసారీ దాని మీద ఇంకో దుప్పటి కప్పుతాం.

సిమెంటు మొత్తం చెక్కించేశాను. ఆ తరువాత ఏం చేశామో తెలుసా? ఏమీ చేయలేదు. రాయి బయటపడ్డ గోడను వేసవి మొత్తం అలాగే వదిలేశాం. గోడ ఒక అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని చేతి లెక్క ఒకటి ఉంది. అడుగున్నర గోడ, రెండు వైపుల నుంచి ఆరినా ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. పూర్తిగా ఆరేదాకా ఆగలేం, కనీసం ఎండాకాలం దాటేదాకా ఆగాలి. ఇంటాయన వారానికోసారి ఫోను చేసి “పని ఆగిపోయిందా సార్?” అని అడిగేవారు. ఆగలేదండీ, గోడ పని చేస్తోంది, మనం చేయడం లేదు అనేవాడిని. ఆయనకు కోపం వచ్చేది. గోడ మీద చెమ్మ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి తేదీ రాయమన్నాను. మాస్టారు కదా, ఆ పని ఇష్టంగా చేశారు. ఏప్రిల్ గీత, మే గీత, జూన్ గీత. ఒక్కొక్కటి కిందికి దిగుతూ వచ్చింది. ఆ గీతల ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. నా వృత్తిలో నేను గీసిన ఏ ప్లాను కన్నా అదంటే నాకు ఇష్టం, ఆ గీతలు గీసింది నేను కాకపోయినా.

తరువాత గానుగలో ఆడించిన సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి గార పూయించాం. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. దొరికితే వదలకండి, కూలి కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వండి.

ఆ గోడలోకి దిగిన దంతెల చివరలు మూడు చెమ్మకు పుచ్చిపోయాయి. పైకి చూస్తే టేకు నిగనిగలాడుతోంది, గోడలో దూరిన జానెడు భాగం స్క్రూడ్రైవరుకు మెత్తగా దిగిపోయింది. పుచ్చినంత మేర కోసి పాత టేకుతోనే అతుకు వేశాం. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. ఆ గోడ మధ్యలో పన్నెండు అడుగులు తెరిచాను. అడుగున్నర మందం గోడ, పైన కప్పు బరువు. ముందు కప్పుకు లోపల దన్నులు పెట్టాలి. ఆ తరువాత గోడ మందంలో సగం మాత్రమే, ఒక వైపు నుంచి, గాడి కొట్టి ఒక ఇనుప దూలం ఎక్కించాలి. సందుల్లో గట్టిగా గార కూరి, అది గట్టిపడ్డాక రెండో వైపు నుంచి మిగతా సగం గాడి కొట్టి రెండో దూలం ఎక్కించాలి. రెండింటినీ బోల్టులతో కలపాలి. అప్పుడు, అప్పుడు మాత్రమే, కింద గోడ తీయాలి. దయచేసి ఇది చూసి ఇంట్లో సుత్తి పట్టుకోకండి, ఇంజనీరు దగ్గరుండి చేయించాల్సిన పని. అది పద్ధతిగానే చేశాను. తప్పు అక్కడ లేదు.

ఆ పన్నెండు అడుగులకూ నేల నుంచి పైదాకా అద్దం పెట్టాను. కింద వేదిక వద్దన్నాను కదా, అద్దమైనా ఇద్దామనుకున్నాను. ఆగస్టులో అద్దం ఎక్కింది. అప్పటికి చెరువు సగం ఉంది, బాగుంది. అక్టోబరు, నవంబరు వానలు పడ్డాయి, మళ్లీ నిండింది. డిసెంబరులో మాస్టారు ఫోను చేశారు. “సాయంత్రం నాలుగున్నర అయితే హాల్లో కూర్చోలేకపోతున్నాం సార్. అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంటోంది.” ఆవిడకు అంతకు ముందే శుక్లాల ఆపరేషన్ అయింది.

నాకు అర్థం కాలేదు. ఎందుకంటే నేను ఎండ లెక్క వేశాను. మన తిరుపతి దగ్గర డిసెంబరులో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు, పడమటికి సుమారు 24 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా. ఆ నైరుతి మూల పెద్ద చింతచెట్టు ఉంది. పైన మూడడుగుల సన్‌షేడ్ ఉంది. ఎండ లోపలికి ఎలా వస్తుంది?

వెళ్లి చూశాను. నాలుగున్నరకు వెళ్లి నిలబడ్డాను. ఎండ పైనుంచి రావడం లేదు, కింద నుంచి వస్తోంది! చింతకొమ్మల కింద నుంచి, నీటి మీద పడి లేచి, నేరుగా కళ్లలోకి. హాలు కప్పు మీద, ఆ పాత దంతెల మధ్య, అలల నీడలు గిలగిలా ఆడుతున్నాయి. చూడటానికి ఎంత అందంగా ఉన్నాయంటే, కళ్లు తెరవగలిగితే చూడొచ్చు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే నీరు తన మీద పడిన వెలుతురులో నూటికి 2 వంతులే తిరిగి పంపుతుంది. అదే సూర్యుడు 10 డిగ్రీలకు దిగితే మూడో వంతుకు పైగా తిరిగి పంపుతుంది. సన్‌షేడ్ ఎంత పెంచినా ఏం లాభం? గొడుగు నెత్తిన పట్టుకుంటే కాళ్ల మీద చిమ్మే బురద ఆగుతుందా?

అప్పటికే పెద్దావిడ ఒక పని చేసి పెట్టారు. పాత నేత చీర ఒకటి తీసి, అద్దానికి అడ్డంగా, సరిగ్గా సగం ఎత్తులో తాడు కట్టి ఆరవేసినట్టు వేశారు. పైన సగం ఖాళీ. నేను అడిగాను, అమ్మా, పైదాకా ఎందుకు కట్టలేదు అని. “పైన కొండ కనిపిస్తోంది కదా నాయనా, దానితో నాకేం బాధ?” అన్నారు. నేను ఐదేళ్లు చదివి, పాతికేళ్లు పనిచేసి, పైనుంచి కిందికి దిగే తెరలే గీశాను. నీటి వైపు ఉన్న ఇంటికి కింద నుంచి పైకి లేచే తెర కావాలని ఎవరూ నాకు చెప్పలేదు. చీర చెప్పింది.

అప్పుడు ఆ పాత గుడ్డి గోడ గుర్తొచ్చింది. అందం తెలియక కట్టారా దాన్ని?

ఇంకా ఉంది, కూర్చోండి. ఆ తరువాత వచ్చిన మే నెలలో ఇంకో ఫోను. “నీళ్లు లేవు సార్.” మన చెరువుల సంగతి మీకు నేను చెప్పాలా? మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. చెరువు అందంగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా. అప్పుడు సాయంత్రాలు చల్లగా ఉంటాయి, ఆరు దాటితే దోమలకు భయపడి తలుపులు వేసుకుంటాం. చల్లగాలి ఎప్పుడు కావాలి? ఏప్రిల్, మే నెలల్లో, ఎండ నలభై దాటినప్పుడు. అప్పుడు చెరువులో ఏముంటుంది? పగుళ్లు. తుమ్మచెట్లు. పడమటి గాలి మోసుకొచ్చే దుమ్ము. పన్నెండు అడుగుల అద్దంలోంచి మా మాస్టారుకు కనిపించేది ఒడ్డున పేరుకున్న ప్లాస్టిక్ కవర్లు. ఈ మధ్య “లేక్ వ్యూ” అని రాసి ఫ్లాట్లు అమ్ముతున్నారు, చూశారు కదా. ఆ ప్రకటనల్లో ఫొటో ఏ నెలలో తీశారో అడగండి.

ఇది చెప్పడానికే వచ్చాను ఇంత దూరం. చెరువును చూసే ఇంటికి ఏడాది పొడవునా ఒకే దృశ్యం ఉండదు. నిండు చెరువుకు గీసిన ఇల్లు ఆరు నెలల ఇల్లు. మిగతా ఆరు నెలలు?

శ్రీలంకలో జెఫ్రీ బావా అనే ఆర్కిటెక్టు ఉండేవాడు. 1948లో బెంతోట దగ్గర డెద్దువ సరస్సు ఒడ్డున రబ్బరు తోటలో ఒక పాత బంగళా కొన్నాడు, లునుగంగ అని పేరు. దాన్ని మలచడానికి అర్ధశతాబ్దం తీసుకున్నాడు, 2003లో పోయేదాకా. అద్దాలు పెట్టడం కన్నా ముందు చూపు ఎటు పోవాలో సరిచేశాడు. ఇంటి నుంచి చూస్తే అడ్డం వచ్చిన, దాల్చినచెక్క గుట్ట అని పిలిచే దిబ్బ తల తగ్గించాడు, అవతలి సరస్సు, దూరాన గుడి కనిపించాలని. మనకు గుట్టలు చెక్కే స్తోమత లేదు, చెక్కకూడదు కూడా. కాని చూపును సరిచేయడానికి మూడడుగుల గోడ చాలు. ఎలాగో చూడండి.

కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు 45 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కిటికీ గోడ రెండున్నర అడుగులు అనుకుందాం, మీరు దానికి నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు. ఇంటి వెనక నేల మూడడుగులు పల్లం. ఆ గోడ అంచు మీదుగా మీ చూపు నేలను తాకేది సుమారు 22 అడుగుల అవతల. అంతకన్నా దగ్గరిది మీకు కనిపించదు. అదే గోడను మూడడుగులు చేయండి, ఒక్క అర అడుగు పెంచండి. చూపు తాకేది 36 అడుగుల అవతల. అర అడుగు ఇటుకతో పద్నాలుగు అడుగుల చెత్త మాయం! ఒడ్డున ఏమున్నా కనిపించదు, చెరువు గర్భం, తుమ్మలు, ఆపైన కొండ, ఇవే కనిపిస్తాయి. లేచి నిలబడితే అన్నీ కనిపిస్తాయి. అది మంచిదే. ఇంటి వెనక ఏం జరుగుతోందో అప్పుడప్పుడు చూడాలి కదా.

కాబట్టి ఏం చేశానంటే, అద్దం పీకించేశాను. సిగ్గుపడుతూనే పీకించాను. నేనే పడగొట్టించిన గోడలో మూడడుగులు మళ్లీ నేనే కట్టించాను. అద్దం ఖర్చులో సగం నేను భరించాను, పూర్తిగా భరించేవాడినే, మాస్టారు ఒప్పుకోలేదు. ఆ తొమ్మిది అడుగుల వెనక గది మొత్తం ఇప్పుడు తెరిచి ఉన్న వరండా. దాని లోపలి గోడ ఉంది చూశారా, హాలుకూ ఆ గదికీ మధ్య గోడ, పాత టేకు తలుపులతో సహా అలాగే ఉంది. ఇంటికి ఇప్పుడు అదే పడమటి గోడ. వరండా చెరువులోంచి తీసుకోలేదు, ఇంట్లోంచే తీసుకున్నాం. ఎండ, దుమ్ము, దోమలు వరండా దాకా వస్తాయి, తలుపులు వేస్తే హాల్లోకి రావు. హాలు చీకటిగా ఉంటుందని ఇంటావిడ గొణిగారు. మే నెల మధ్యాహ్నం ఒకసారి ఆ చీకట్లో నాపరాళ్ల మీద పడుకుని చూసి ఇక ఏమీ అనలేదు.

మరుగుదొడ్డి కూడా వెనక నుంచి తూర్పు వైపుకు మార్పించాను. చెరువు ఒడ్డున సెప్టిక్ ట్యాంకు పెట్టుకుని చెరువు అందం గురించి మాట్లాడకూడదు. దాని గురించి ఇంతే.

ఒక చిన్న పిట్టకథ చెప్పి ముగింపు వైపు వెళతాను. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని, 6 దోషాలు ఉండకూడదని అందులో చెక్కించారు. మొదటి దోషం కట్ట నుంచి నీరు ఊరడం. రాయలచెరువు గుర్తొచ్చిందా? ఇంకో దోషం రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అన్నదమ్ముల వాటాల మధ్య ఇరుక్కున్న ఇళ్లకు ప్లాన్లు గీసి గీసి, ఆ దోషం ఎంత నిజమో నాకు తెలుసు. నవ్వకండి, మీలో కనీసం నలుగురు అలాంటి ఇంటి గురించే అడగడానికి వచ్చి ఉంటారు.

పోయిన వేసవిలో ఆ ఇంటికి వెళ్లాను. చెరువు ఎండిపోయింది. ట్రాక్టర్లు ఒండ్రు తోలుతున్నాయి, గొర్రెలు మేస్తున్నాయి, తుమ్మచెట్టు వికెట్లుగా పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పెద్దావిడ వరండాలో పడకకుర్చీలో కూర్చుని ఎవరి ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తోలిందో లెక్క చెబుతున్నారు. నీళ్లున్నప్పటికన్నా ఇప్పుడే బాగుందట, మనుషులు కనిపిస్తారట.

చలికాలం సంగతి ఏమిటని అడుగుతారేమో. కూర్చున్నవాళ్లకు సూర్యుడు 10, 11 డిగ్రీల ఎత్తుకు దిగేదాకా నీటి మెరుపును ఆ మూడడుగుల గోడే ఆపుతుంది. ఆ తరువాత ముప్పావు గంట మిగులుతుంది. దానికి నేను వెదురుతో కింద నుంచి పైకి లాగే తెర ఒకటి చేయించి ఇచ్చాను, కప్పీ, తాడు, అన్నీ పెట్టి. వెళ్లినప్పుడు చూస్తే తెర చుట్టి మూలన పెట్టి ఉంది, గోడ మీద మేకుకు మేకుకు మధ్య తాడు కట్టి ఉంది. తాడు మీద అదే చీర.

ఆ వెనక అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. అడగండమ్మా.